స్లాబు కింది ఎండను కొలిచేదెవరు?

మే నెల మధ్యాహ్నం జగిత్యాల జిల్లా బుగ్గారం ప్రాంతంలో ఎండ ఎంత కాస్తోందో హైదరాబాద్‌లో కూర్చున్న అధికారికి కాసేపట్లోనే తెలిసిపోతుంది. తెలంగాణ అభివృద్ధి ప్రణాళిక సంస్థ రాష్ట్రమంతటా వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు పెట్టింది. ఎండాకాలం వచ్చిందంటే ఊళ్ల పేర్లతో సహా గరిష్ఠ ఉష్ణోగ్రతల పట్టికలు పత్రికల్లో వస్తాయి, వాటి పైవరుసల్లో జగిత్యాల జిల్లా ఊళ్లు తరచూ కనిపిస్తాయి. 45 డిగ్రీలు దాటడం ఇక్కడ ఆశ్చర్యం కలిగించని సంగతి అయిపోయింది. కానీ ఆ అంకె బయటి గాలిది. నీడపట్టున, గాలి ఆడే గూట్లో, నేలకు ఎత్తుగా అమర్చిన సెన్సర్ చెప్పిన లెక్క అది. అదే రోజు రాత్రి తొమ్మిదింటికి, ఇంటిల్లిపాదీ పడకలు పరుచుకునే వేళ, నెత్తిన ఉన్న స్లాబు ఎంత కాలుతోందో చెప్పే పట్టిక ఏ కార్యాలయంలోనూ తయారు కాదు. ముసలివాళ్లు, పసిపిల్లలు, బాలింతలు, ఇంట్లోనే పని చేసుకునే ఆడవాళ్లు బతికేది ఆ స్లాబు కిందే. ఆ వేడిని చూపించే పరికరం, థర్మల్ కెమెరా, ఇప్పుడు మండల కార్యాలయం కూడా కొనగలిగే ధరలో దొరుకుతోంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో దాన్ని ఇళ్ల మీద వాడాలని, అది చూపించిన కొలతను బట్టే ఇంటి కప్పుల మీద ప్రభుత్వ సొమ్ము ఖర్చు చేయాలని నా వాదన.

కాంక్రీటు స్లాబు వేడిని వెంటనే కిందికి దించదు. పొద్దెక్కినప్పటి నుంచి తాగుతూ పోతుంది. మే మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు రంగు వేయని స్లాబు పైభాగం 60 డిగ్రీల దరిదాపులకు చేరుతుంది, చెప్పుల్లేకుండా దాని మీద అడుగు పెట్టలేం. ఆ వేడి నాలుగైదు అంగుళాల మందం దాటి అడుగు భాగానికి రావడానికి కొన్ని గంటలు పడుతుంది. బయట పొద్దు గూకి, గాలి కొంచెం చల్లబడే సమయానికి ఇంటి లోకప్పు తన వేడిని దించడం మొదలుపెడుతుంది. మనిషి చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. నెత్తి మీది కప్పు 40 దాటి ఉంటే శరీరం తన వేడిని అటువైపు వదలలేకపోగా, అటునుంచి ఇంకా పుచ్చుకుంటుంది. పొయ్యి ముందు కూర్చున్నవాడి మొహానికి సెగ తగిలినట్టే ఇదీ, మధ్యలో గాలితో పని లేకుండా కిరణాల రూపంలో వచ్చే వేడి. గోడకు తగిలించిన థర్మామీటర్ గది గాలి సంగతి చెబుతుంది తప్ప ఈ సెగ సంగతి చెప్పదు. ఫ్యాను వేస్తే కప్పు దగ్గర పోగైన వేడిగాలిని కిందికి తోస్తుంది. ‘రాత్రంతా ఉడుకపోసింది, కంటి మీద కునుకు లేదు’ అని తెల్లారి చెప్పుకొనే మాట వెనక ఉన్న యంత్రాంగం ఇది.

రేకుల ఇంటి కథ దీనికి తలకిందులుగా నడుస్తుంది. పలచని రేకుకు వేడిని దాచుకునే శక్తి లేదు. తొమ్మిదింటికే ఇల్లు పొయ్యి అవుతుంది, మధ్యాహ్నం లోపల నిలవలేరు, పొద్దు వాలిన కొద్దిసేపటికి రేకు చల్లబడి కొంత ఊపిరి ఆడుతుంది. స్లాబు ఇల్లు రాత్రి హింసిస్తే రేకుల ఇల్లు పగలు హింసిస్తుంది. ఈ తేడా చిన్నదిగా కనిపించవచ్చు గానీ, ఏ ఇంటికి ఏ మందు వేయాలన్నది దీని మీదే ఆధారపడుతుంది. పగలంతా ఇంట్లో కూర్చుని పని చేసే మనిషి అవసరం ఒకటి, పొలం నుంచి వచ్చి రాత్రి నిద్రపోవాల్సిన మనిషి అవసరం మరొకటి.

వేడిని చూడడం అన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1800లో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త పట్టకం గుండా ఎండను రంగులుగా విడగొట్టి, ఎరుపుకు అవతల, కంటికి ఏమీ కనిపించని చోట థర్మామీటర్ పెడితే అది ఇంకా పైకి ఎక్కడం గమనించాడు. కంటికి కనిపించని ఆ కిరణాలే ఇన్‌ఫ్రారెడ్. మన ఒళ్లు, గోడ, స్లాబు, చెట్టు, అన్నీ తమ వేడిని బట్టి వాటిని ఎప్పుడూ వెదజల్లుతూనే ఉంటాయి. థర్మల్ కెమెరా వాటిని పట్టుకుని బొమ్మగా మారుస్తుంది, వేడి ఎక్కువున్న చోటును పసుపుగానో తెల్లగానో, తక్కువున్న చోటును ముదురు నీలంగానో చూపిస్తుంది. స్వీడన్‌కు చెందిన అగా కంపెనీ 1965లో మార్కెట్లోకి తెచ్చిన తొలి కెమెరాను హైటెన్షన్ కరెంటు లైన్ల తనిఖీకి ఉద్దేశించింది. ఆ తర్వాత చలిదేశాలు దాన్ని ఇళ్ల మీదికి తిప్పాయి. అక్కడ శీతాకాలంలో డబ్బు పోసి ఇల్లు వెచ్చగా ఉంచుకుంటే, ఆ వెచ్చదనం కిటికీ సందుల్లోంచి, అటక మీంచి బయటికి కారిపోతుంది. ఎక్కడ కారుతోందో కెమెరా చూపిస్తే అక్కడే మరమ్మతు చేస్తారు. వేడి ఎప్పుడూ ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకు పోతుంది. వాళ్లకు అది ఇంట్లోంచి బయటికి పోతుంది, మనకు బయటి నుంచి ఇంట్లోకి వస్తుంది. పరికరం అదే, శాస్త్రమూ అదే. మన దగ్గర విద్యుత్ సంస్థలు సబ్‌స్టేషన్లలో ఏ జాయింటు వేడెక్కుతోందో చూడటానికి థర్మో విజన్ కెమెరాలు వాడుతూనే ఉన్నాయి. కాలిపోకముందే జాయింటును కనిపెట్టడం అవసరమని గుర్తించిన వ్యవస్థకు, కింద మనుషులు నిద్రపోయే కప్పు విషయంలో ఆ అవసరం ఇంతవరకు తోచలేదు.

ఈ ప్రాంతాన్నే ఎందుకు ఎంచుకోవాలంటే, ఇక్కడ వేల కుటుంబాలకు ఇల్లే కార్ఖానా. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ఊళ్లలో ఆడవాళ్లు ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది ఏ ఫ్యాక్టరీలోనో కాదు, ఇంటి నడిమి అర్రలోనో వసారాలోనో. తడిపిన తునికాకు ఆరిపోతే చుట్టేటప్పుడు చిరుగుతుంది, ఫ్యాను జోరుగా తిరిగితే చాటలోని తంబాకు లేచి ముక్కుకూ కళ్లకూ తగులుతుంది. కాబట్టి ఎంత ఉడుకుగా ఉన్నా గాలిని అదుపులో పెట్టుకునే పని చేయాలి. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి లెక్క గనుక, వేడికి చేయి మందగించిన మేరకు ఆదాయం తగ్గుతుంది. సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) నడిచే షెడ్లలో చాలావాటికి కప్పు సిమెంటు రేకే. పైనుంచి రేకు సెగ, కింది నుంచి మోటార్ల వేడి, మధ్యలో నిలబడి పన్నెండు గంటల షిఫ్టు చేసే కార్మికుడు. కూలీ ఎండలో పని చేస్తే ‘మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బయటికి రావద్దు’ అని ప్రతి వేసవిలో హెచ్చరిస్తాం. ఇంట్లోనే ఎండలో ఉన్న ఈ మనుషులకు ఆ హెచ్చరిక దేనికి పనికొస్తుంది? లోపలికి పొమ్మంటాం, వాళ్లు లోపలే ఉన్నారు. అందుకే కప్పు వేడి నా దృష్టిలో ఇంటి సౌఖ్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, పని పరిస్థితులకు, కూలికి సంబంధించిన విషయం కూడా.

ఇళ్లు ఇలా మారడానికి కారణాలున్నాయి, వాటిని తప్పుపట్టడం న్యాయం కాదు. గూన పెంకుల ఇల్లు చల్లగా ఉండేది నిజమే. పెంకుల వరసల మధ్య గాలి ఆడేది, మట్టి గోడ మందంగా ఉండేది. అయితే ఏటా వానాకాలానికి ముందు పెంకులు సర్దే పనివాళ్లు ఇప్పుడు దొరకరు, దూలాలకు మంచి కట్టె దొరకదు. అన్నింటికీ మించి కోతుల మందలు ఒక్క పూటలో కప్పంతా పీకి పెడతాయి. ఈ బాధ తెలియనివాళ్లే పాత ఇళ్ల గురించి తీపిగా రాస్తారు. గల్ఫ్‌లో పదేళ్లు చెమటోడ్చి కూడబెట్టిన డబ్బుతో స్లాబు వేసుకున్న కుటుంబానికి అది గౌరవం, భద్రత, ఇల్లు కురవని రాత్రి. ఆ ఎంపిక సరైనదే. లోటల్లా స్లాబు మీద ఇంకొక పొర వేయాలన్న మాట మేస్త్రీ చెప్పకపోవడం, ఇంజినీర్ చెప్పకపోవడం, పథకం అడగకపోవడం. ఇందులో మనసును నొప్పించే సంగతి ఒకటుంది. దుబాయ్‌లో 2014 నుంచి కొత్త భవనాలన్నింటికీ హరిత భవన నిబంధనలు వర్తిస్తున్నాయి. కప్పు ఎండను ఎంత తిప్పికొట్టాలో, దాని గుండా వేడి ఎంతకు మించి చొరబడకూడదో వాటిలో అంకెలతో ఉంది. అలాంటి కప్పులు కట్టే పనిలో ఉన్న కార్మికుల్లో మన జగిత్యాల, సిరిసిల్ల బిడ్డలున్నారు. అక్కడ ఇతరుల ఇళ్లకు తప్పనిసరి అయిన రక్షణ, ఇక్కడ వాళ్ల సొంత అమ్మానాన్నల ఇంటికి ఐచ్ఛికమైంది.

ఐచ్ఛికం అన్న మాట ఊరికే అనలేదు. తెలంగాణ 2023 ఏప్రిల్ 3న దేశంలో మరే రాష్ట్రమూ చేయని పని చేసింది, 2023–28 కాలానికి కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. అప్పటి మునిసిపల్ శాఖ మంత్రి, సిరిసిల్ల శాసనసభ్యుడు కె. తారకరామారావు దాన్ని విడుదల చేశారు. ఐదేళ్లలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులను ఎండను తిప్పికొట్టేలా మార్చాలని, అందులో 200 హైదరాబాద్ ప్రాంతంలో, 100 మిగతా రాష్ట్రంలో చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలు ఖర్చవుతుందన్నారు. ఆలోచన మెచ్చుకోదగింది. కానీ ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు తప్పనిసరి చేసిన ఈ విధానం, నివాసాల దగ్గరికి వచ్చేసరికి 600 గజాల స్థలం దగ్గర గీత గీసింది. అంతకు తక్కువైతే యజమాని ఇష్టం. కేంద్ర ఇంధన సామర్థ్య మండలి 2018లో తెచ్చిన నివాస భవనాల నియమావళి ‘ఎకో నివాస్ సంహిత’ కూడా 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు అదే 600 గజాల, స్థలం నుంచే వర్తిస్తుంది. ఆ సంహిత ప్రకారం లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు కప్పు గుండా 1.2 వాట్లకు మించి వేడి పోకూడదు. ఏ రక్షణా లేని మామూలు కాంక్రీటు స్లాబు దానికి సుమారు మూడు రెట్ల వేడిని పోనిస్తుంది. బుగ్గారంలో, కోరుట్ల గల్లీల్లో 600 గజాల ఇళ్లు ఎన్ని ఉంటాయి? రెండు నియమాలూ రక్షణ కల్పించింది ఏసీ కొనుక్కోగలిగిన ఇంటికి. కొనలేని ఇంటిని యజమాని ఇష్టానికి వదిలేశాయి.

చల్లని కప్పు పని చేస్తుందా అన్నదానికి మన నేల మీదే రుజువులున్నాయి. హైదరాబాద్‌లోని వాణిజ్య భవనాల మీద అమెరికాకు చెందిన లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల, మన ట్రిపుల్ ఐటీ పరిశోధకులు కలిసి చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. మామూలు కాంక్రీటు కప్పుకు తెల్లని పూత వేస్తే ఏడాదికి చదరపు మీటరుకు 13, 14 యూనిట్ల కరెంటు మిగిలింది, చల్లదనానికి వాడే కరెంటు 10 నుంచి 19 శాతం తగ్గింది. 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో పాతిక పేద ఇళ్ల కప్పుల మీద వేడిని తిప్పికొట్టే పొర పరిచి చూస్తే, లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలేనా అనిపించవచ్చు. అది గాలి వేడిలో తగ్గుదల. కప్పు నుంచి ఒంటి మీద పడే సెగలో తగ్గుదల దీనికి అదనం, దాన్ని థర్మామీటర్ చూపించలేదు, థర్మల్ కెమెరా చూపించగలదు. కెమెరా కావాలనడానికి మొదటి కారణం ఇది.

రెండో కారణం డబ్బు లెక్క. ఇప్పుడున్న విధానం ఎన్ని చదరపు కిలోమీటర్లకు పూత వేశారని అడుగుతుంది. వేసిన పూత కింద ఎంత చల్లబడిందని అడగదు. పూతలో నాణ్యత లేకపోయినా, ఒక్క పొరతో సరిపెట్టినా, ఏడాదికి దుమ్ము పట్టి మసకబారినా కాగితం మీద విస్తీర్ణం మారదు. పూతకు ముందొక బొమ్మ, తర్వాతొక బొమ్మ, మరుసటి ఏడాది ఇంకొక బొమ్మ తీస్తే పని జరిగిందో లేదో ఇంటావిడకు కూడా కళ్లతో కనిపిస్తుంది. పైగా అన్ని ఇళ్లకూ తప్పు కప్పుదే కాకపోవచ్చు. పడమటి గోడకు ప్లాస్టరింగ్ కూడా లేకుండా ఎండకు ఎదురుగా నిలిచిన ఇల్లు ఉంటుంది, సజ్జ లేని కిటికీతో కాలిపోయే ఇల్లు ఉంటుంది, పైన ఇంకో అంతస్తు ఉన్నందువల్ల స్లాబుతో బాధే లేని ఇల్లు ఉంటుంది. కొలవకుండా అందరికీ ఒకే తెల్ల డబ్బా పంచితే కొందరికి మేలు, కొందరికి దండగ.

కెమెరాను గుడ్డిగా నమ్మమని చెప్పను. అది ఉపరితలం వేడిని మాత్రమే చూస్తుంది, గోడ లోపలికి తొంగి చూడలేదు. కొత్తగా మెరిసే జింకు రేకు మీద దాని లెక్క తప్పుతుంది. అలాంటి లోహం తన కిరణాలను తక్కువగా వదిలి, ఆకాశం నుంచి వచ్చిన వాటిని అద్దంలా తిప్పికొడుతుంది గనుక, కాలిపోతున్న రేకు చల్లగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఎలక్ట్రీషియన్ వాడే నల్ల టేపు ముక్క ఒకటి రేకు మీద అతికించి, కాసేపాగి, ఆ ముక్క వేడిని చదివితే ఈ చిక్కు తీరుతుంది. కాంక్రీటు, సున్నం, సిమెంటు రేకుల మీద ఈ ఇబ్బంది దాదాపు ఉండదు. చూసే వేళ కూడా ముఖ్యం. చలిదేశాల్లో లోపలికీ బయటికీ పది డిగ్రీల తేడా ఉన్నప్పుడు బొమ్మ తీయాలంటారు. ఏసీ లేని మన ఇళ్లలో గాలికి గాలికి అంత తేడా రాదు, లోకప్పుకూ నేలకూ మధ్య తేడానే చూడాలి. కాబట్టి వాళ్ల పుస్తకం పట్టుకొచ్చి ఇక్కడ అమలు చేస్తే కుదరదు. రేకుల ఇంటిని మధ్యాహ్నం రెండింటికి, స్లాబు ఇంటిని రాత్రి ఎనిమిది తొమ్మిది మధ్య చూడాలి. మన ఇళ్లకు, మన వేళలకు తగిన పద్ధతి మనమే రాసుకోవాలి. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల ఉంది, సిరిసిల్లలోనూ జేఎన్‌టీయూ కళాశాల వచ్చింది, కోరుట్లలో పాలిటెక్నిక్ ఉంది. ఇక్కడి సివిల్, మెకానికల్ విద్యార్థులకు ఇంతకంటే పనికొచ్చే ప్రాజెక్టు ఏముంటుంది?

‘ఇల్లు కాలుతోందని ఇంట్లోవాళ్లకు తెలియదా, దానికి కెమెరా కావాలా?’ అని అడిగేవారుంటారు. తెలుసు. రేకుల మీద వరిగడ్డి పరిచేది, సాయంత్రం స్లాబు మీద బకెట్లతో నీళ్లు చల్లేది, తడిపిన గోనె సంచులు కిటికీకి కట్టేది తెలిసే. అయితే నీళ్ల కరువు ఉన్న నెలలో నీళ్లు చల్లడం, నిప్పురవ్వ పడితే అంటుకునే గడ్డి పరచడం ఎంతకాలం? ఇంట్లోవాళ్ల అనుభవం సర్కారు లెక్కల్లోకి ఎక్కదు. వాన కొలమానం లేకపోతే కరువు లేదన్నట్టే, కొలత లేని వేడికి కేటాయింపు రాదు. బొమ్మ ఆ అనుభవానికి సాక్ష్యంగా నిలుస్తుంది. ‘మా ఇంటి కప్పు రాత్రి తొమ్మిదికి 41 డిగ్రీలు’ అని ఒక బీడీ కార్మికురాలు గ్రామసభలో కాగితం చూపించి అడిగితే దానికి జవాబు చెప్పాల్సి వస్తుంది.

ఇంకో ఆక్షేపణ, ఇవన్నీ ఎందుకు, నాలుగేళ్లలో అందరూ ఏసీలు పెట్టుకుంటారు అని. లెక్క వేసి చూద్దాం. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు ఒకటి నుంచి ఒకటిన్నర యూనిట్ తింటుంది. రాత్రి ఎనిమిది గంటలు నడిపితే నెలకు 240 యూనిట్లు దాటుతుంది. 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి కింద ఉచిత కరెంటు 200 యూనిట్ల దాకానే. అంటే ఏసీ పెట్టిన రోజే పేద కుటుంబం ఉచిత కరెంటు నుంచి బయటపడుతుంది. కూలర్‌కు కరెంటు తక్కువే గానీ రోజూ బకెట్ల కొద్దీ నీళ్లు కావాలి, వాన ముందరి ఉక్కపోతలో అది చేతులెత్తేస్తుంది. ఇంకోవైపు నుంచి చూస్తే, 200 యూనిట్ల లోపు వాడే ప్రతి యూనిట్ ఖర్చూ ప్రభుత్వమే భరిస్తోంది గనుక, కప్పు చల్లబడి ఫ్యాను, కూలర్ వాడకం తగ్గితే మిగిలేది ఖజానాకే. కప్పు మీద పెట్టే సొమ్మును దానంగా చూడాల్సిన పని లేదు.

తెల్లపూత మీద ఉన్న అభ్యంతరాల్లో కొంత నిజం ఉంది. సున్నం ఒక్క వానాకాలానికే కొట్టుకుపోతుంది, మంచి పూత కూడా కొన్నేళ్లకు మళ్లీ వేయాలి. స్లాబు మన ఊళ్లలో ఊరికే ఉండదు, మిరపకాయలు, వడియాలు, పప్పులు ఆరబోసేది దాని మీదే, పిల్లలు ఆడేది దాని మీదే, వేసవి రాత్రి పడుకునేదీ దాని మీదే. పూత మాసిపోతుంది, పక్కింటివాళ్ల కళ్లకు తళుకు కొడుతుంది. చలికాలంలో ఇల్లు మరింత చల్లబడుతుందన్న మాట కూడా నిజమే, గోదావరి ఒడ్డు ఊళ్లలో పుష్యమాసం చలి తక్కువదేమీ కాదు. అయితే ఆ చలి కొన్ని వారాలది, దుప్పటితో తీరేది. ఎండ మార్చి నుంచి జూన్ దాకా, దుప్పటి లాంటి మందు లేనిది. స్లాబును వాడుకునే ఇంటికి పూతకు బదులు తెల్ల పెంకు ముక్కలు పరచడమో, స్లాబు వేసేటప్పుడే పైన వేడిని ఆపే పొర వేయడమో, పందిరి వేసి పాదు పాకించడమో మేలు కావచ్చు. ఏ ఇంటికి ఏది మేలో కొలిస్తేనే తేలుతుంది.

ఇంటి బొమ్మ తీయడమంటే ఆడవాళ్లకు సంకోచం ఉంటుంది, ఉండాలి కూడా. కెమెరా గోడల అవతలికి చూడలేదన్న సంగతి ముందే చెప్పాలి, కప్పు బొమ్మ తప్ప మనుషుల బొమ్మ తీయకూడదు, ఇంటావిడ సరేనంటేనే లోపలికి పోవాలి, తీసిన బొమ్మ ఒకటి ఆమె చేతికివ్వాలి. ఈ పని మహిళా సంఘాల సభ్యులకు నేర్పితే సంకోచం సగం తగ్గుతుంది. ఫోనుకు తగిలించుకునే చిన్న థర్మల్ కెమెరాలు కొన్ని పదుల వేల రూపాయలకు దొరుకుతున్నాయి. మండలానికి ఒకటి చాలు.

ఎక్కడ మొదలుపెట్టాలన్నదానికి జవాబు మన కళ్ల ముందే కడుతున్నారు. ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద ఒక్కో ఇంటికి 5 లక్షల రూపాయలు ఇస్తున్నారు, తొలి విడతలో నియోజకవర్గానికి 3,500 ఇళ్లు. పునాది, గోడలు, స్లాబు, పూర్తి అని దశలవారీగా ఫొటో తీసి యాప్‌లో పెడితేనే బిల్లు పడుతుంది. ఆ చివరి ఫొటోతో పాటు లోకప్పు థర్మల్ బొమ్మ ఒకటి అడిగితే పథకానికి పడే భారం ఎంత? 400 చదరపు అడుగుల స్లాబు అంటే 37 చదరపు మీటర్లు. విధానం చెప్పిన 300 రూపాయల లెక్కన 11 వేలు, ఐదు లక్షల్లో నూటికి రెండు రూపాయల పైచిలుకు. ఈ సొమ్ము లబ్ధిదారు వాటాలోంచి కోయకుండా అదనంగా ఇవ్వాలి, బొమ్మలో కప్పు చల్లబడినట్టు కనిపిస్తేనే కాంట్రాక్టరుకు చెల్లించాలి. ఇప్పుడు వేస్తున్న స్లాబులు నలభై, యాభై ఏళ్లు ఉంటాయి. ఈ రెండు మూడేళ్లలో తప్పు చేస్తే ఒక తరం దాని కింద పడుకోవాలి. పాత ఇళ్లలో మొదటి వరస బీడీ కార్మికులది, సాంచా షెడ్లది కావాలి. బీడీ కార్మికులకు పింఛన్ ఇస్తున్న ప్రభుత్వం దగ్గర వాళ్ల పేర్లు, ఊళ్లు ఉన్నాయి, సిరిసిల్లలో కరెంటు ఇచ్చే సహకార సంఘం ‘సెస్’ 1970 నుంచి ప్రతి షెడ్డునూ ఎరుగును. కొత్తగా సర్వే చేసి జాబితా తయారుచేసే పని కూడా లేదు.

2015 మే నెల వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, వడదెబ్బ మృతుల కుటుంబాలకు పరిహారాన్ని 4 లక్షల రూపాయలు చేసింది. ఆ నిర్ణయం అవసరమైనదే. ఒక ప్రాణం పోయాక ఇచ్చే ఆ సొమ్ముతో ప్రాణాలుండగానే 36 ఇందిరమ్మ ఇళ్ల కప్పులు చల్లబరచవచ్చు. రానున్న వేసవికి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల కలెక్టర్లు మండలానికో కెమెరా కొని, బుగ్గారం లాంటి ఒక చిన్న మండలంతో మొదలుపెట్టి, వంద ఇళ్ల కప్పులు కొలిపించి ఆ బొమ్మలు గ్రామసభల్లో ప్రదర్శించాలని కోరుతున్నాను. ఇక్కడ మార్చి రెండో వారానికే స్లాబులు కాలడం మొదలవుతుంది. కొలత, పూత రెండూ ముగియాలంటే పని సంక్రాంతి వెళ్లిన వెంటనే మొదలవ్వాలి.